నలభై ఒకటికి ఎనిమిది

తన బండికి తాడు కట్టి ఇంకొకడి బండి లాక్కొస్తుంటే చూడాల్సిన రోజు వస్తుందని చెక్కపెట్టెలు కొట్టేవాడు ఎప్పుడూ అనుకోలేదు. వచ్చింది. లాక్కొచ్చింది ఎవడి బండి? పెళ్ళాం మేనబావ బండి.

వసారాలో చెక్కపెట్టెకి మేకు దిగగొడుతున్నవాడు సుత్తి గాల్లోనే ఆపేశాడు. ముందు కొత్త బండి, తళతళా మెరుస్తూ. వెనక తాడు. తాడు చివర తన పాత పికప్, తప్పు చేసి పట్టుబడ్డ ముసలాడిలా తల వంచుకుని. స్టీరింగు దగ్గర తన పెళ్ళాం. నవ్వుతోంది. బండి విరిగితే నవ్వేమిటి?

"ఇరుసులో పన్ను విరిగిందయ్యా," అంది దిగుతూ. "కొండ సగంలో టప్పుమంది. బావ అటుగా వస్తూ చూశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇటుకల మీద కూర్చుని ఏడ్చేదాన్ని."

"నువ్వు ఏడ్చే రకమా మరదలా? ఇటుకల్ని ఏడిపించేదానివి," అన్నాడు మేనబావ. ఇతని వైపు తిరిగాడు. "ఏం తమ్ముడూ, మోకాలెలా ఉంది?"

తమ్ముడట. వరస అలాంటిది మరి. పెళ్ళానికి బావ అయినవాడు మొగుడికి అన్న. ఆవిడతో వేళాకోళం ఆడే హక్కు వాడికి, వాణ్ణి 'అన్నా' అని పిలిచే ఖర్మ ఇతనికి. ఈ వరసలు కనిపెట్టినవాడెవడో గానీ వాడికి పెళ్ళాం ఉండి ఉండదు. పైగా ఒకప్పుడు పెద్దవాళ్ళు ఈ ఇద్దరికీ పెళ్ళి మాట అనుకున్నారు. ఎందుకో కుదరలేదు. ఎందుకు కుదరలేదో అడిగితే ఆవిడ "గుర్తులేదయ్యా" అంటుంది. గుర్తులేకపోవడం ఏమిటి? అలాంటివి ఎవరైనా మర్చిపోతారా?

"బాగానే ఉంది అన్నా," అన్నాడు.

బాగా లేదు. ఆ బండి ఒకప్పుడు ఇతనే తోలేవాడు. కొండ మీద కట్టే ఇళ్ళకి ఇటుకలు మోసేవాడు. ఒకనాడు వెనక తలుపు గొళ్ళెం ఊడి దొంతర మొత్తం ఎడమ మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ క్లచ్చి నాలుగుసార్లు తొక్కితే ప్రాణం పోయినంత పనవుతుంది. అప్పట్నించీ ఇతను మేకులు కొడుతున్నాడు, పెళ్ళాం బండి తోలుతోంది. నేర్పింది ఇతనే. 'దీనికి చచ్చినా రాదులే' అనుకుంటూ నేర్పాడు. వచ్చేసింది. ఇతని కంటే బాగా వచ్చింది. ఆ సంగతి వీధిలో అందరూ అన్నారు, ఇతను తప్ప.

టీ తాగుతూ మేనబావ అసలు కబురు బయటపెట్టాడు. తను కుర్చీల ఫ్యాక్టరీ నుంచి రేవుకి సరుకు తోలుతున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళకి ఇంకో బండి కావాలట. "మూడు ట్రిప్పులు చూస్తారు. రేవు దగ్గర గోదాము తలుపు మూసేలోగా సరుకు దింపాలి. దింపితే ఆ వంతు నీదే మరదలా. ఏడాది పొడుగునా పని. ఇటుకలూ లేవు, కొండా లేదు. సమం దారి."

ఆవిడ కళ్ళు అలా వెలగడం ఇతను చూసి ఎన్నాళ్ళయింది? తనని చూసి కాదుగా మరి. రేవుని చూసి. రేవు దారిలో పక్కన పోయే కొత్త బండిని చూసి. అలా అనుకున్నాడు ఇతను. ఈర్ష్యకి కళ్ళు లేవంటారు గానీ అది తప్పు. దానికి ఒళ్ళంతా కళ్ళే. ఒక్కదానికీ సరైన చూపుండదు, అంతే.

మర్నాడు బండిని పళ్ళ డాక్టరు షెడ్డుకి చేర్చారు. ఇరుసుల్లో పళ్ళచక్రాలు తప్ప ఇంకేదీ ముట్టడు కాబట్టి ఆయనకా పేరు. ఆయన నోట్లో మాత్రం పళ్ళు నాలుగే. "ఊరందరి పళ్ళూ చూసేసరికి నావి ఊడాయి," అంటాడు. షెడ్డులో కిరసనాయిలు వాసన. పళ్ళేల్లో నానుతున్న బేరింగులు. గోడవారన విప్పిన ఇరుసులు, పొట్ట తెరిచి పడుకోబెట్టిన పందుల్లా.

ఆయనకో పద్ధతి ఉంది. బండి ఎవరి పేరున ఉంటే ఆయనకేం? తోలేవాళ్ళు ఎదురుగా నిలబడి, ఏం మోస్తారో, ఏ దారిన మోస్తారో తమ నోటితో చెప్పాలి. అప్పుడే పళ్ళు ఎంచుతాడు. షావుకార్లొచ్చి "నా బండి, నా ఇష్టం" అంటే, "అయితే నువ్వే తోలుకో" అని పంపేస్తాడు.

"పాత జత దొరకదు తల్లీ," అన్నాడు విరిగిన పన్ను అరచేతిలో పెట్టుకుని. "ఈ బండ్లు చెయ్యడం మానేసి ఏళ్ళయింది. నీదాంట్లో పెద్ద చక్రానికి నలభై ఒక్క పళ్ళు, దాన్ని తిప్పే చిన్నదానికి పది. ఇప్పుడు నా దగ్గర రెండు జతలున్నాయి. రెంటిలోనూ పెద్దది అదే. చిన్నది ఒకదాంట్లో ఎనిమిది, ఒకదాంట్లో పదకొండు."

"తేడా?"

"ఎనిమిది ఎద్దు. ఇంజను నుంచి ఇరుసుకొచ్చే కింది షాఫ్టు ఐదుసార్ల పైచిలుకు తిరిగితే గానీ చక్రం ఒక్కసారి తిరగదు. కొండ ఎక్కుతుంది, మేడ ఎక్కమన్నా ఎక్కుతుంది. పరుగు మాత్రం అడక్కు. పదకొండు గుర్రం. షాఫ్టు నాలుగు చుట్లు కూడా తిరగక్కర్లేదు. సమం దారిలో ఇంజను గొంతు చించుకోకుండా హాయిగా పోతుంది. ఇటుకలేసి కొండ ఎక్కించావో, సగంలో నిలబడి నీ మొహం చూస్తుంది. చెప్పు, ఎక్కడికి?"

"రేవుకి. కుర్చీలు," అంది ఆవిడ. "ఇటుకలు మోసీ మోసీ బండికీ నాకూ నడుం పడిపోయింది డాక్టరుగారూ. గుర్రాన్నే కట్టండి."

"అయితే ఒకటి గుర్తుపెట్టుకో. నీ మీటరు తీగ గేరుపెట్టెకుంది. ఇరుసులో ఏం మార్చామో దానికి తెలీదు. పదకొండు పెడితే తక్కువ చూపిస్తుంది. దారిలో పదకొండు కిలోమీటరు రాళ్ళు దాటితే మీటరు పదే తిరుగుతుంది."

ఇద్దరూ పళ్ళెం మీదకి వంగి ఇంకా ఏవేవో మాట్లాడుకున్నారు. పళ్ళు ఎలా కూర్చుంటాయి, నీలిరంగు పూసి అచ్చు ఎలా చూస్తారు, కొత్తలో ఎంత మెల్లగా తోలాలి. ఇతను పక్కన నిలబడ్డాడు. ఆ బండి ఇరుసు కింద ఇరవైసార్లు పడుకున్నవాడు. ఒక్కరు ఒక్క మాట అడగలేదు. నాలుగు పళ్ళ ముసలాడి మీద కూడా ఈర్ష్య పుట్టింది ఇతనికి. సిగ్గేసింది. సిగ్గుతో ఈర్ష్య ఆగుతుందా? ఇంకాస్త ముదిరింది.

ఆ రెండు రోజులూ ఇంట్లో రేవు మాటే. "బావ చెప్పాడు, సగం దారిలో మంచి టీ దుకాణం ఉందట." "బావ అన్నాడు, తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి ఎగురుతుందట." "బావకి గోదాము కాపలావాడు తెలుసట." బావ, బావ, బావ. పెట్టెకి కొట్టే ప్రతి మేకూ బావ నెత్తినే దిగింది. రెండు మేకులు వంకరపోయాయి. ఒకటి వేలికి తగిలింది.

"ఏమైందయ్యా?" అంది ఆవిడ.

"మేకు మంచిది కాదు."

"సుత్తి నీదేగా," అని నవ్వింది.

మూడో రోజు ఆవిడ ఫ్యాక్టరీకి మాట్లాడ్డానికి వెళ్ళింది. ఇతను కుంటుకుంటూ షెడ్డుకి వెళ్ళాడు. అడుగు అడుగుకీ 'ఊరికే చూసొద్దామని' అని తనకి తనే చెప్పుకుంటూ వెళ్ళాడు. డాక్టరు పదకొండు పళ్ళ జత కడగడానికి చేతిలోకి తీసుకున్నాడు.

"అది కాదు," అన్నాడు ఇతను. మాట ఎలా వచ్చిందో అలాగే వదిలేశాడు. "ఎనిమిది పెట్టమంది. రేవు మానుకుంది. కొండ పనే చేస్తుందట."

డాక్టరు కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఆవిడే చెప్పిందా?"

"ఆవిడే. నన్ను పంపింది."

"మొన్నంత గట్టిగా చెప్పి..."

"ఆడవాళ్ళ మాట తెలీదా డాక్టరుగారూ? పొద్దునొకటి, సాయంత్రమొకటి."

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. మొగుళ్ళు ఇలాంటి చోట ఈ మాట అంటే నవ్వడానికి నలుగురు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. డాక్టరు నవ్వలేదు. కానీ ఇతను ఆ బండి ఏళ్ళ తరబడి తోలినవాడు. ఆ గౌరవం ఒకటి అడ్డొచ్చింది. పదకొండు పళ్ళ జత పక్కన పెట్టి ఎనిమిది తీశాడు.

ఇతని లెక్క ఇదీ. ఎనిమిది పెడితే బండి రేవు దారిలో ఈడ్చుకుంటూ పోతుంది. మీటరు ముల్లు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆవిడకి అనుమానం రాదు. 'ముసలి బండి, ఇంతే' అనుకుంటుంది. గోదాము తలుపు రెండుసార్లు మూసుకుంటుంది. వంతు పోతుంది. బావ తన దారిన తను పోతాడు. ఆవిడ మళ్ళీ కొండకి, ఇటుకలకి, సాయంత్రం పూట ఇంటికి.

ఇలాంటి లెక్కలు వేసేవాడు దారి పొడవు తప్ప అన్నీ లెక్కేస్తాడు.

బండిని ఇంటికి ఇతనే తోలుకొచ్చాడు. మోకాలు పొడుస్తూనే ఉంది. కానీ క్లచ్చి వదలగానే బండి ముందుకి దూకింది, కుర్రదానిలా. 'చూశావా, నా మాట వింటుంది' అనుకున్నాడు. ఇంటి దగ్గర దిగేటప్పుడు సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. సీటు ఆవిడ ఎత్తుకి ముందుకి జరిపి ఉంది. దాన్ని వెనక్కి జరపబోయాడు. తుప్పు పట్టి కదల్లేదు.

"గోల పెడుతోందేం?" అంది ఆవిడ మొదటి ట్రిప్పుకి ముందు వీధి చివరిదాకా తోలి చూసి.

"కొత్త పళ్ళు. ఒరుసుకోవాలి. నొక్కి తోలకు," అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. మంచి అబద్ధంలో సగం ఎప్పుడూ నిజమే ఉంటుంది.

సాయంత్రానికి వచ్చేస్తానన్నది ఆ సాయంత్రం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. జుట్టు నిండా దుమ్ము, మొహం నిండా నవ్వు.

"తలుపు మూసేయబోయారు తెలుసా? బావే ఆపాడు. దారంతా నా కోసం తన బండి మెల్లగా తోలాడు పాపం. నేనెంత నొక్కినా ముందుకి పోదే! ఆఖర్న తను ముందు పరిగెత్తి కాపలావాణ్ణి బతిమాలి తలుపు పట్టుకున్నాడు. అప్పటికే పొద్దుపోయింది. రేవు దగ్గర వాళ్ళింట్లోనే పడుకున్నా. వాళ్ళావిడ ఉందిగా, అక్కయ్య, వదల్లేదు. ఆవిడ పక్కనే పడుకున్నా, రాత్రంతా గురక!"

ఇతనికి 'అక్కయ్య' వినపడలేదు. 'గురక' వినపడలేదు. 'నా కోసం మెల్లగా' వినపడింది. 'వాళ్ళింట్లో' వినపడింది.

"దారంతా ఏం మాట్లాడుకున్నారు?"

"రెండు బండ్లలో ఉండి ఏం మాట్లాడుకుంటామయ్యా? టీ దగ్గర ఆగాం. బావది ఒకటే గోల, కడుపుబ్బరం. ఏం తింటే ఉబ్బుతుందో, ఏం తింటే తగ్గుతుందో. నా చెవులు ఉబ్బాయి."

కడుపుబ్బరం గురించి మాట్లాడాడంటే! ఒక మగాడు పరాయి ఆడదానితో కడుపుబ్బరం గురించి మాట్లాడాడంటే ఎంత చనువుండాలి! ఇతను తన కడుపు సంగతి పెళ్ళైన మూడేళ్ళకి గానీ ఆవిడకి చెప్పలేదు.

రెండో ట్రిప్పులో మేనబావ వేరే సరుకు మీద ముందే వెళ్ళిపోయాడు. తలుపు పట్టుకునేవాడు లేడు. గోదాము మూసేశారు. కుర్చీల మీద పట్టా కప్పి, బండిలోనే ముడుచుకుని, తెల్లారాక సరుకు దింపి వచ్చింది. ఫ్యాక్టరీ గుమాస్తా మాట తెగేసి చెప్పాడు. "ఒకటి పోయింది. ఇంకోటి పోతే వంతు వేరేవాళ్ళకి."

ఈసారి నవ్వు లేదు. అన్నం తినలేదు. చేతులు కడుక్కుని, వసారాలోంచి సుద్దముక్క తీసుకుంది. పెట్టెల మీద గుర్తులు పెట్టే సుద్ద.

"రా," అంది.

"ఎక్కడికి?"

"బండి కిందకి."

ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపింది. మిగతా చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టింది. గేరు తీసేసింది. టైరు మీద ఒక గీత, కిందున్న షాఫ్టు మీద ఒక గీత గీసింది.

"దారిలో రాళ్ళు చూశానయ్యా. నాలుగు రాళ్ళు దాటితే మీటరు ఐదు తిరుగుతోంది. తక్కువ తిరగాలన్నాడు డాక్టరు, ఎక్కువ తిరుగుతోంది. ముల్లు అరవై చూపిస్తుంటే సైకిలువాడు పక్కన పాట పాడుకుంటూ వస్తున్నాడు. నువ్వు పడుకో. నేను చక్రం తిప్పుతా. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. గట్టిగా, నాకు వినపడేలా."

"నేనెందుకు? పొద్దున డాక్టరు దగ్గరికి..."

"నా మోకాళ్ళు బాగున్నాయి కాబట్టి నేను తిప్పుతున్నా. నీకు కళ్ళు బాగానే ఉన్నాయిగా. పడుకో."

వీపు కింద గులకరాళ్ళు గుచ్చుకున్నాయి. మొహం మీద నూనె చుక్క పడింది. ఇక్కణ్ణుంచి ఆవిడ పాదాలు మాత్రమే కనపడుతున్నాయి. వేళ్ళ దగ్గర అరిగిన చెప్పులు, మడమల దాకా రేవు బురద.

"ఒక చక్రమే లేపాం కాబట్టి రెండు చుట్లకి ఒకటి లెక్క," అంది పైనుంచి. ఆ లెక్క ఒకప్పుడు ఇతను నేర్పిందే. "తిప్పుతున్నా."

తెల్ల గీత కదిలింది. పైకి వెళ్ళింది, కిందకి వచ్చింది.

"ఒకటి," అన్నాడు.

ఇంకా తప్పించుకోవచ్చు. ఆవిడకి షాఫ్టు కనపడదు. మూడు అని, మూడున్నర పైచిలుకు అని ఆపేస్తే పదకొండు పళ్ళే. మీటరు పాడైందనొచ్చు. ముసలి ఇంజననొచ్చు.

"రెండు."

చక్రం మీద ఆవిడ అరచేతుల రాపిడి. ఆగి ఆగి తిప్పుతోంది.

"మూడు."

ఇక్కడే. ఇప్పుడు ముప్పావు చుట్టు రాగానే లెక్క ఆపెయ్యాలి. గీత ముప్పావుకి వచ్చింది. నోరు తెరిచాడు. పైన ఆవిడ దగ్గింది, దుమ్ము దగ్గు, రాత్రి బండిలో పడుకున్న దగ్గు. గీత ఆగలేదు. చుట్టు పూర్తయింది.

"నాలుగు."

చక్రం ఒక్క క్షణం ఆగింది. నాలుగు అన్నాక ఇంక పదకొండు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ మళ్ళీ తిప్పింది.

"ఐదు," అన్నాడు. "ఐదూ కొంచెం."

"ఎనిమిది పళ్ళు."

"ఎనిమిది."

"డాక్టరు పొరపాటా?"

ఇతను మొహం మీది నూనె తుడుచుకున్నాడు. పాదాలు కదల్లేదు.

"కాదు," అన్నాడు చివరికి. "నేనే చెప్పా. షెడ్డులో నలుగురి ముందూ నువ్వు చెప్పావని చెప్పా."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరుపుకి ఎదురు అరవొచ్చు. జాకీ పక్కనే కింద కూర్చుంది. ఇప్పుడు మొహం కనపడింది, ఇరుసు అవతల.

"ఎందుకు?"

"నువ్వు అంత దూరం పోకూడదని."

"దూరం ఏమన్నా తగ్గిందా? దారి అంతే ఉంది కదయ్యా. నేను ఇంటికి దూరంగా ఉండే పొద్దు పెరిగింది. సాయంత్రానికి రావలసినదాన్ని మర్నాడొస్తున్నా. బావ తన దారిన తను పోయేవాడు, నా పక్కనే ఈడ్చుకుంటూ వచ్చాడు. వాళ్ళింట్లో పడుకోబెట్టింది ఎవరనుకున్నావు? నువ్వే."

ఇతను ఇరుసు వైపు చూశాడు. ఆ లెక్క అంత తేలిగ్గా ఉంది. పెట్టెలు కొట్టేవాడికి, కొలత పట్టి చెక్క కోసేవాడికి, తట్టలేదు.

"ఆ సీట్లో నువ్వు కూర్చోలేకపోతున్నావు. నాకు తెలుసు," అంది. "నేను కూర్చుంటే నీకు మంట. అదీ తెలుసు. బావ ఒక వంక. బావ లేకపోతే ఆ టీ దుకాణంవాడు ఉంటాడు నీకు."

"నేను కూడా వస్తా రేపు. పక్కన కూర్చుంటా. దించడానికి సాయం..."

"వద్దు. ఉన్న బరువు చాలు ఆ ఎద్దుకి." లేచి చీర దులుపుకుంది. "జత మార్చాలంటే రెండు రోజులు. నా దగ్గర లేవు. ఇంకా ముందు బయల్దేరతా. అందితే అందుతుంది, పోతే పోతుంది. నువ్వు డాక్టరు దగ్గరికెళ్ళు. నా మాట అని చెప్పింది నా మాట కాదని చెప్పు. ఆ నలుగురూ ఉన్నప్పుడే."

"ఎవరికో ఎందుకు చెప్పడం? మన ఇంటి సంగతి."

"నా నోటిని షెడ్డులో పెట్టావు. షెడ్డులోంచే తీసుకురా."

పొద్దున్నే కుర్చీలెక్కించుకుని ఆవిడ బయల్దేరింది. తిరిగి చూడలేదు. రోడ్డు మొదట్లో మేనబావ బండి ఎదురుచూస్తోంది. మేనబావ కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఇతనిక్కూడా. ఇతను ఊపలేదు. షెడ్డు కూడా ఆ దారిలోనే. కుంటుకుంటూ వెనకే నడిచాడు. పాత పికప్ ఇంజను గొంతు చించుకుంటోంది. అయినా చాలాసేపు కంటికి కనపడుతూనే ఉంది. దాని పక్కన కొత్త బండి, మెల్లగా, ఓపిగ్గా. రెండూ ఒకే వేగం. కుంటివాడు నడిచినంతసేపూ ఆ రెండు బండ్ల వెనక తలుపులూ పక్కపక్కనే కనపడ్డాయి. మలుపు తిరిగాక కూడా గోల వినపడింది.

షెడ్డులో ఆ నలుగురూ ఉన్నారు. టీలు వచ్చి ఉన్నాయి. పళ్ళ డాక్టరు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తలెత్తాడు.

"ఏమయ్యా, ఎనిమిది ఎలా ఉంది? కొండ ఎక్కుతోందా మీ ఆవిడ?"

ఒకడు బల్ల మీద జరిగి చోటిచ్చాడు. ఇతను కూర్చోలేదు.

"ఆవిడ పదకొండే చెప్పింది," అన్నాడు. "ఎనిమిది నాది."